పార్క్ స్ట్రీట్ తలుపు

మా పిన్ని నా చెయ్యి పట్టుకుని లాగిన లాగుడు నాకింకా జ్ఞాపకం. భుజం దగ్గర పటుక్కుమంది కూడానూ.

1972 డిసెంబరు మాట. నాకప్పుడు పదమూడేళ్లు. బాబాయికి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం. ఖరగ్‌పూర్ పేరుకే బెంగాలు గానీ, రైల్వే క్వార్టర్లలో ఏ వీధిలో నిలబడి "ఏవండోయ్" అని పిలిచినా రెండు తలుపులు తెరుచుకునేవి. అంత తెలుగు అక్కడ. క్రిస్మస్ సెలవులకి వెళ్లిన నన్ను, కలకత్తా చూపిస్తానని పిన్ని పొద్దున్నే లోకల్ రైలెక్కించింది. హౌరా వంతెన, కాళీఘాట్, విక్టోరియా మెమోరియల్, న్యూ మార్కెట్లో నహూమ్స్ కేకు, అన్నీ అయ్యాయి. చీకటి పడుతూండగా పార్క్ స్ట్రీట్ మీంచి నడుస్తున్నాం. దీపాలు, కార్లు, గౌన్లు వేసుకున్న ఆడవాళ్లు. ఓ హోటలు గుమ్మంలో తలపాగా కట్టిన దర్వాను ఎవరికో సలాం కొట్టి తలుపు తీశాడు. లోపల్నించి ఒక ఆడగొంతు పాట వచ్చి వీధిలో పడింది. ఇంగ్లీషు పాట. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎర్రటి వెలుతురు, అందులో ఏదో తళుక్కుమంది. మెడ చాచి చూడబోయాను.

"అటు చూడకు!" అంటూ లాగింది పిన్ని.

"లోపలేముంది పిన్నీ?"

"మనకి అక్కర్లేనివి ఉన్నాయి. నడు."

నడిచాను. కానీ నాలుగడుగులు వేశాక పిన్ని తనే వెనక్కి తిరిగి ఓసారి చూసింది. అది నేను చూశాను. ఆ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

లోపలేముంటుందో నాకు బొత్తిగా తెలియదని కాదు. సినిమాల్లో చూశాంగా! మెలికలు తిరిగిన మెట్లు, పొగ, గళ్ల చొక్కా రౌడీలు, గ్లాసు పట్టుకున్న విలన్. ఎల్.ఆర్. ఈశ్వరి గొంతు మొదలవగానే జ్యోతిలక్ష్మో, హలమో ఈకల టోపీతో దిగేది. మా అమ్మమ్మ ఠక్కున మొహం పక్కకి తిప్పుకునేది. పాట అయిపోయాక మాత్రం, "ఆ పిల్ల బట్టలకి అద్దకం భలే కుదిరింది" అనేది. మొహం తిప్పుకున్న మనిషికి అద్దకం ఎలా కనపడిందని మేమెవ్వరం అడగలేదు.

ఆ సినిమాల్లో క్లబ్బు డాన్సరు పాట అయ్యాక ఎక్కడికి పోతుందో ఎవరూ చూపించరు. ఇంటికెళ్లి అన్నం తింటుందా, ఇంట్లో ఆమె కోసం ఎవరైనా ఎదురు చూస్తూంటారా అన్న ప్రశ్నే లేదు. అది నా మనసులో పడడానికి చాలా ఏళ్లు పట్టింది. పడ్డాక మాత్రం దొరికిన పుస్తకమల్లా చదివాను. మావారు "ఈ వయసులో నీకు నైట్‌క్లబ్బుల చరిత్రేమిటోయ్" అని నవ్వారు. నవ్వనీండి.

పార్క్ స్ట్రీట్ అసలు పేరు వింటే మీరూ నవ్వుతారు. ఒకప్పుడది శ్మశానం దారి! 1767లో ఆ కొసన ఇంగ్లీషు వాళ్ల సమాధుల తోట వెలిసింది. వచ్చిన దొరలు వచ్చినట్టే జ్వరాలకి రాలిపోయేవాళ్లు. శవాలు పోయే దారి కాబట్టి బరియల్ గ్రౌండ్ రోడ్డన్నారు. తరవాత, అక్కడ సుప్రీంకోర్టు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఎలైజా ఇంపీ దొరకి జింకల తోట ఉండేదని పార్క్ స్ట్రీట్ అయింది. మహారాజా నందకుమార్‌కి 1775లో ఉరిశిక్ష వేసిన దొర ఈయనే. 2004 నుంచి ఆ వీధి మదర్ థెరీసా సరణి. శవాలదారీ, జింకల తోటా, కేబరేలూ అయ్యాక, ఒక సన్యాసిని పేరు. కలకత్తా వాళ్లు మాత్రం ఇప్పటికీ పార్క్ స్ట్రీటనే అంటారు.

రాత్రి సరదాలు మొదట చౌరంగీ మీదే ఉండేవి. 1917లో ఏంజెలో ఫిర్పో అనే ఇటలీ ఆయన అక్కడ పెట్టిన ఫిర్పోస్ హోటలు దొరలకీ దొరసానులకీ తిరణాల స్థలం. ఆ పక్కనే గ్రాండ్ హోటలు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైనికులు దిగారు. వాళ్లతోపాటు జాజ్ సంగీతానికి గిరాకీ పెరిగింది. టెడ్డీ వెదర్‌ఫర్డ్ అని నల్లజాతి అమెరికన్ పియానో విద్వాంసుడు గ్రాండ్‌లో వాయించేవాడు.

ఈ భాగం చదివినప్పుడు పుస్తకం కాసేపు మూసేశాను. ఎందుకంటే అది 1943 కూడా. బెంగాల్ కరువు. ముప్ఫై లక్షల మంది పోయారని అంచనా. పల్లెల్నించి నడిచొచ్చిన తల్లులు కలకత్తా ఇళ్ల గుమ్మాల ముందు నిలబడి అన్నం కూడా అడగలేదట, కాస్త గంజి పొయ్యమన్నారట. చౌరంగీ పేవ్‌మెంటు మీద వాళ్లు, గోడకి అవతల బాండు మేళం. గోడ పెద్ద గోడేం కాదు, వ్యాధి దూకి వెళ్లింది. 1945లో వెదర్‌ఫర్డ్ కలరాతో ఆ ఊళ్లోనే పోయాడు.

స్వాతంత్ర్యం వచ్చాక దొరలు మూటలు కట్టుకుని వెళ్లిపోతే ఈ వైభోగమంతా ముగియాలి కదా? ముగియలేదు. టీ, జనపనార కంపెనీలు ఇంకా అక్కడే ఉన్నాయి. దొరల కుర్చీల్లో మనవాళ్లు కూచున్నారు. కూచుని, దొరల సాయంకాలాలు కూడా తీసుకున్నారు. 1956లో మొకాంబో తెరిచారు. అక్కడ పామ్ క్రెయిన్ అనే ఆంగ్లో ఇండియన్ అమ్మాయి పాడితే గ్లాసులు కదిపే చప్పుడు కూడా ఆగేదని చెప్పుకుంటారు. ట్రింకాస్ మొదట స్విట్జర్లండ్ ఆయన నడిపిన టీ దుకాణం. 1959లో చేతులు మారి పాటల హోటలైంది. బ్లూ ఫాక్స్, మూలాన్ రూజ్ వరసగా వచ్చాయి. గోవా వాళ్లు శాక్సఫోన్ ఊదేవారు, డార్జిలింగ్‌నించి వచ్చిన నేపాలీ కుర్రాడు లూయీ బ్యాంక్స్ పియానో వాయించేవాడు. ఆదివారం పగటిపూట జామ్ సెషన్లని ఉండేవి. కాలేజీ పిల్లలు ఓ కూల్‌డ్రింకు పెట్టుకుని మధ్యాహ్నమంతా గడిపేసేవారట. అంటే మా పిన్ని అనుకున్నంత పాపకూపం కాదన్నమాట. ఏ వేళకి వెళ్లామన్నదాన్నిబట్టి ఉంటుందనుకోండి.

ఇక్కడ మీకు ఇద్దరాడవాళ్ల గురించి చెప్పాలి. అసలు ఈ వ్యాసం వాళ్ల కోసమే మొదలుపెట్టాను.

మొదటామె ఆరతీ దాస్. తూర్పు బెంగాల్లో నారాయణ్‌గంజ్ వాళ్లది. దేశవిభజన దెబ్బకి కాందిశీకులై కలకత్తా చేరారు. ఇంట్లో జరుగుబాటు లేదు. పన్నెండేళ్లు నిండీ నిండకుండా ఆ పిల్ల చౌరంగీ వైపు ఓ ఆంగ్లో ఇండియన్ ఇంట పనికి కుదిరింది. ఆ ఇంట్లో రాత్రుళ్లు పార్టీలు. కర్టెను చాటున నిలబడి వాళ్ల డాన్సులు చూసేది. ఒంటరిగా ఉన్నప్పుడు చేసి చూసుకునేది. ఆ ఇంటికొచ్చే క్లబ్బు గాయకుడొకాయన చూసి, దీనికంటే మంచి జీతం వచ్చే పని చేస్తావా అన్నాడు. అలా ఫిర్పోస్‌లో లిడో రూమ్ అనే హాలుకి వచ్చింది. ఆరతి కాస్తా మిస్ షెఫాలి అయింది.

షెఫాలి అంటే మన పారిజాతం. రాత్రి పూసి తెల్లారేసరికి రాలిపోయే పువ్వు. ఆ పేరు పెట్టినవాళ్లు ఇదంతా ఆలోచించి పెట్టారో లేదో గానీ, నాకు మాత్రం గుండె కలుక్కుమంది.

అంతకు ముందు ఆ స్టేజీల మీద విదేశాల అమ్మాయిలూ, ఆంగ్లో ఇండియన్లూ ఉండేవాళ్లు. బెంగాలీ పిల్ల కేబరే చెయ్యడం ఊరికి కొత్త. చార్ల్‌స్టన్, కాన్‌కాన్, హవాయి డాన్సు, అన్నీ నేర్చుకుంది. ఊరు ఊరంతా ఆమెని క్వీన్ ఆఫ్ కేబరే అంది. సత్యజిత్ రాయ్ పిలిచి "ప్రతిద్వంది"లోనూ, "సీమాబద్ధ"లోనూ వేషాలిచ్చారు. ఆమె సంపాదన మీద తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇల్లూ నడిచాయి. కానీ పెళ్లికో పేరంటానికో పిలవాల్సి వచ్చేసరికి ఆమె క్వీనూ కాదు, ఆరతీ కాదు. మన పక్క ఒకప్పుడు పెళ్లిళ్లలో భోగం మేళం పెట్టించేవారని మా అమ్మమ్మ చెప్పేది. మేళం లేకపోతే పెళ్లికి పరువు తక్కువ. మేళంలో ఆడే మనిషి పంక్తిలో కూచుంటే మాత్రం పరువు నష్టం! పరువనేది ఎంత విచిత్రమైన వస్తువో చూడండి.

షెఫాలి 2020 ఫిబ్రవరిలో కలకత్తా పొలిమేరలో సోదేపూర్‌లోని ఇంట్లో పోయింది. అంతకు ముందే తన కథ బెంగాలీలో పుస్తకంగా చెప్పుకుంది. ఆమె పోయిన మర్నాడు పేపర్లన్నీ ఫొటో వేశాయి.

రెండో ఆమె మీకందరికీ తెలుసు. ఉషా ఉతుప్. 1947లో బొంబాయిలో తమిళుల ఇంట పుట్టింది. బళ్లో సంగీతం టీచరు, ఈ గొంతు పాటకి పనికి రాదని క్లాసులోంచి పంపేసిందట. మగవాళ్ల గొంతులా బరువుగా ఉందని. 1969లో మద్రాసు మౌంట్ రోడ్డులో సఫైర్ థియేటర్ ఉండేది కదా, ఆ ఆవరణలో నైన్ జెమ్స్ అని చిన్న నైట్‌క్లబ్బు ఉండేది. అక్కడ మొదటిసారి పాడింది. ఏం కట్టుకుని? కంచిపట్టు చీర. నుదుట ఇంత బొట్టు, చేతినిండా గాజులు, జడలో పూలు. అదేదో జనాన్ని ఆకట్టుకోవడానికి వేసిన ఎత్తు కాదు. ఇంట్లోంచి బయటికెళ్లే ఆడపిల్ల ఎలా వెళ్తుందో అలా వెళ్లింది, అంతే. హోటలు యజమాని వారం రోజులు పాడమన్నాడు. అక్కణ్నించి కలకత్తా ట్రింకాస్. అక్కడే ఆమెకి కాబోయే భర్త జానీ ఉతుప్ కలిశాడు.

నాకు ఆమె అంటే ఎందుకిష్టమంటే, ఆమె ఆ తలుపు లోపలికి మా పిన్ని చీర కట్టుకుని వెళ్లింది. లోపలున్నవాళ్లకి ఒక చిక్కు తెచ్చిపెట్టింది. ఈలలు వెయ్యాలని వచ్చినవాళ్లకి పెద్దింటి పేరంటాలు కనిపించింది. అలాగని చీర కట్టిన ఉష మర్యాదస్తురాలు, గౌను వేసిన పామ్ క్రెయిన్ కాదు అని నేననడం లేదు సుమండీ. చాలామంది అలాగే అన్నారు, అంటారు కూడా. పాడిన గొంతులు రెండూ రాత్రి పదింటికే పాడాయి, ఇల్లు గడవడానికే పాడాయి.

ఆ చీర కూడా ఆమెని పూర్తిగా కాపాడలేదు లెండి. 1983లో ఓ రాష్ట్ర మంత్రిగారు, ఆమెది అపసంస్కృతి అని మహాజాతి సదన్ హాల్లో కచేరీ చెయ్యనివ్వమన్నారు. ఆమె ఊరుకోలేదు. కోర్టుకెళ్లి గెలిచింది. 2011లో పద్మశ్రీ, 2024లో పద్మభూషణ్ ఇచ్చారు. అపసంస్కృతి ఎప్పుడు సంస్కృతి అయిందో ప్రభుత్వం వారు తేదీ ప్రకటించలేదు.

డెబ్బయ్యో దశకంలో ఆ వీధి వెలుగు తగ్గింది. నక్సలైట్ల అలజడితో రాత్రుళ్లు జనం గడప దాటడం మానేశారు. కంపెనీలు తరలిపోయాయి. వినోదపు పన్ను నడ్డి విరిచింది. పైగా కరెంటు కోత! మైకు పట్టుకున్న మనిషి పాట సగంలో చీకట్లో నిలబడిపోతే ఏం చేస్తుంది? పాడే ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఆస్ట్రేలియా, కెనడా ఓడలెక్కాయి. ఫిర్పోస్ బట్టల బజారైపోయింది.

చట్టం సంగతి చెప్పలేదు కదూ. 1909 నాటి బెంగాల్ ఎక్సైజు చట్టం ప్రకారం, జనం మద్యం తాగే చోట ఆడవాళ్లని ఉద్యోగంలో పెట్టుకోరాదు. వాళ్ల రక్షణ కోసమట. స్టేజీ మీద ఆడొచ్చు, పాడొచ్చు. కౌంటరు వెనక నిలబడి, ఒంటినిండా బట్ట కట్టుకుని, నెల జీతానికి గ్లాసు అందించకూడదు! ఇలాంటి నిషేధమే ఉన్న పంజాబ్ చట్టం ఢిల్లీలో నడిచేది. 2007లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆడవాళ్లకి భద్రత లేదంటే భద్రత కల్పించండి గానీ, వాళ్ల ఉద్యోగం తీసెయ్యకండి అని ఆ తీర్పు సారాంశం. బెంగాల్ శాసనసభ ఆ పాత నిషేధాన్ని తొలగించే బిల్లు ఆమోదించేసరికి 2025 మార్చి వచ్చింది. నూట పదహారేళ్లు! బొంబాయిలో ఇంకో చిత్రం. 2005లో బార్లలో డాన్సులు నిషేధించారు, మూడు నక్షత్రాలూ ఆపైన ఉన్న హోటళ్లకి మాత్రం మినహాయింపు. అదే ఆట ఖరీదైన చోట ఆడితే నీతి చెడదు కాబోలు. 2013లో సుప్రీంకోర్టు అదీ చెల్లదంది. ఈలోగా వీధిన పడ్డ ఆడవాళ్లకి ఎనిమిదేళ్లు గడిచిపోయాయి.

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. రాయకపోతే నేను కూడా పిన్నిలాగే పాఠకురాలి చెయ్యి పట్టుకుని లాగినట్టే.

2012 ఫిబ్రవరిలో, పార్క్ స్ట్రీట్‌లో ఓ నైట్‌క్లబ్బు నుంచి ఇంటికి బయల్దేరిన ఒక స్త్రీని, దింపుతామని కారెక్కించుకుని, నడుస్తున్న కార్లో చెరిచి రోడ్డు మీద తోసేశారు. ఇద్దరాడపిల్లల తల్లి. ఊరడిగిన మొదటి ప్రశ్న "ఎవరు చేశారు?" అని కాదు. "పిల్లల తల్లికి అంత రాత్రివేళ క్లబ్బులో ఏం పని?" అని. ఒక మంత్రిగారు బాహాటంగానే అడిగారు. ముఖ్యమంత్రి అదంతా అల్లిన కథన్నారు. దమయంతీ సేన్ అనే పోలీసు అధికారిణి కేసు తేల్చి, జరిగింది నిజమేనని నిరూపించింది. కొద్ది వారాలకే ఆమెకి బదిలీ అయింది.

పేపర్లు ఆ బాధితురాలిని "పార్క్ స్ట్రీట్ మహిళ" అని రాసేవి. 2013లో ఆమె టీవీ ముందుకొచ్చి, నా పేరు సుజెట్ జోర్డాన్, నేనెందుకు మొహం దాచుకోవాలి అని అడిగింది. 2015 మార్చిలో జబ్బు చేసి పోయింది. అదే ఏడు డిసెంబరులో ముగ్గురికి పదేళ్ల శిక్ష పడింది. ఆమె వినలేదు.

ఊరు వేసిన ఆ ప్రశ్న నాకు కొత్తగా అనిపించలేదు. "మనకి అక్కర్లేనివి ఉన్నాయి, నడు" అన్నప్పుడు పిన్ని గొంతులో ఉన్న భయం అదే. పిన్ని తలుపుకి భయపడలేదు. తలుపు వైపు చూశావని రేపెవరైనా అంటారేమోనని భయపడింది.

ఈమధ్య మా అమ్మాయికి కలకత్తాలో ఆఫీసు పని పడితే నేనూ వెంట వెళ్లాను. "అమ్మా, ట్రింకాస్‌కి వెళ్దామా?" అంది. నేను నేత చీర మార్చి పట్టుచీర కట్టుకున్నాను. మా అమ్మాయి పైనించి కిందిదాకా చూసి ఏమీ అనలేదు. ఇప్పుడు తలపాగా దర్వాను లేడు. తలుపు మనమే తోసుకోవాలి. లోపల నేననుకున్నంత చీకటి లేదు. పక్క బల్ల దగ్గర ఓ ముసలి దంపతులు, ఇంకో బల్ల దగ్గర చంటిపిల్లతో ఓ కుటుంబం. నిమ్మకాయ సోడా తెప్పించుకున్నాను. స్టేజీ మీద ఒకమ్మాయి, పాతికేళ్లుంటాయేమో, జీన్సు ప్యాంటూ, తెల్ల చొక్కా. స్టాండుకి ఫోను తగిలించుకుని, పాట మాటలు అందులో చూసుకుంటోంది. పాటకీ పాటకీ మధ్య వేణ్ణీళ్ల ఫ్లాస్కు తీసి ఓ గుక్క తాగుతోంది. మైకు వెనక కుర్చీకి ఆమె టిఫిను సంచీ తగిలించి ఉంది. మా అమ్మాయి ఆఫీసుకి తీసుకెళ్లే సంచీ లాంటిదే.

ఉండబట్టలేక పిన్నికి ఫోను చేశాను. బాబాయి పోయాక విశాఖపట్నంలో కొడుకు దగ్గరుంటోంది. ఎనభై దాటాయి. చెవులు మాత్రం పదును.

"ఎక్కడున్నావే? ఏమిటా గోల?"

"పార్క్ స్ట్రీట్‌లో, పిన్నీ. ఆ తలుపు లోపల."

కాసేపు మాట లేదు. కోప్పడుతుందేమో అనుకున్నాను.

"ఏముందే లోపల?" అంది.

"ఏముంది పిన్నీ, ఒకమ్మాయి పాడుకుంటోంది."

"బాగా పాడుతోందా?"

"బాగానే పాడుతోంది."

"అయితే ఫోను కాస్త అటు తిప్పు."